ఎంత ఇంజనుకి అంత క్యామ్

మన ఆటోమొబైల్ క్లబ్ షెడ్డులో స్టాండు మీద కూర్చున్న షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజను గురించి రెండు వారాలుగా వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న గొడవ చాలామందికి తెలిసే ఉంటుంది. బోరింగు అయిపోయింది. పిస్టన్లు, రింగులు, బేరింగులు వచ్చేశాయి. హెడ్డు ఫేసింగు చేయించి వాల్వు సీట్లు కోయించాం. ఇక మిగిలింది క్యామ్‌షాఫ్ట్. పాతది అరిగింది. దాని బదులు ఏది వెయ్యాలన్నదే తగాదా.

సాహితీ పత్రికలో ఈ గోల ఏంటని మీరడగొచ్చు. వాదనంతా ఇంగ్లీషు కేటలాగుల స్క్రీన్‌షాట్లతో జరుగుతోంది. ఒకసారి తెలుగులో కూర్చుని చెప్పుకుంటే ఎవరు ఏమంటున్నారో తేలుతుందని సంపాదకులను అడిగి ఈ పేజీలు తీసుకున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత క్యామ్‌లో గట్టిదనం ఇంకా మిగిలి ఉంటే, జీడిమెట్లలోనే గ్రైండ్ చేయించి కంపెనీ వాళ్ల పాత కొలతలకే తేవాలి. మిగల్లేదంటే అవే కొలతలున్న కొత్త క్యామ్ కొనాలి. హార్స్‌పవర్ పెరుగుతుందని కేటలాగులో మెరుస్తున్న రేసింగ్ క్యామ్ మాత్రం మన ఇంజనుకి వద్దు.

కారణాల్లోకి వెళ్లేముందు మెకానికల్ కాని మిత్రుల కోసం రెండు ముక్కలు. ఇంజను గాలి పీల్చేది, పొగ వదిలేది వాల్వుల ద్వారా. ఆ వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంత ఎత్తు లేవాలి, ఎప్పుడు మూసుకోవాలి అని శాసించేది క్యామ్‌షాఫ్ట్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక్క చుట్టు తిరుగుతుంది. మన ఇంజనులో దాని మీద పన్నెండు లోబులు, సిలిండరుకి రెండు చొప్పున. ఒక్కో లోబు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఆ గుడ్డు మొన ఎంత పొడుగుంటే వాల్వు అంత ఎత్తు లేస్తుంది. మొన ఎంత వెడల్పుంటే వాల్వు అంతసేపు తెరిచి ఉంటుంది. మొదటిది లిఫ్టు, రెండోది డ్యురేషన్.

గ్రూపులో ఎక్కువమంది అంటున్నది ఇదీ: ఎక్కువ లిఫ్టు, ఎక్కువ డ్యురేషన్ ఉంటే ఎక్కువ గాలి, ఎక్కువ గాలి అంటే ఎక్కువ పవర్. ఇందులో అబద్ధం లేదు. కానీ సగమే చెప్పారు. ఆ పవర్ ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందో ఎవరూ మాట్లాడటం లేదు.

డ్యురేషన్ పెంచితే సాధారణంగా ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు అది మంచిదే. లోపలికి దూసుకొస్తున్న గాలి ఆ ఊపులో పిస్టన్ పైకి లేస్తున్నా ఇంకాస్త దూరుతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ ఊపు ఉండదు కాబట్టి పైకొచ్చే పిస్టన్ పీల్చిన గాలినే వెనక్కి తోసేస్తుంది.

లెక్క చూద్దాం. మన 235 ఇంజను స్ట్రోక్ 100 మి.మీ. కనెక్టింగ్ రాడ్ పొడవు దానికి 1.73 రెట్లు అనుకుందాం. పిస్టన్ అట్టడుగుకి చేరాక 40 డిగ్రీలకి వాల్వు మూసుకుంటే, ఆపాటికి పిస్టన్ సుమారు 9 మి.మీ. పైకి వచ్చి ఉంటుంది. అదే 60 డిగ్రీలకి మూసుకుంటే దాదాపు 20 మి.మీ. అంటే మొదటి క్యామ్‌తో స్ట్రోక్‌లో 91 శాతం పనికొస్తే, రెండోదానితో 80 శాతమే. కాగితం మీద 7.5 ఉన్న కంప్రెషన్ నిష్పత్తి నెమ్మది వేగాల దగ్గర మొదటి సందర్భంలో 6.9లా, రెండో సందర్భంలో 6.2లా పనిచేస్తుంది. అసలే తక్కువ కంప్రెషన్ ఉన్న పాత ఇంజను. అందులోంచి ఇంకాస్త తీసేస్తే కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టే.

మరి మన ఇంజను బతకబోయేది ఏ వేగం దగ్గర? రియర్ యాక్సిల్ నిష్పత్తి 3.70 అనుకుంటే, టాప్ గేర్లో గంటకి 60 కిలోమీటర్ల దగ్గర క్రాంక్ తిరిగేది సుమారు 1,700 ఆర్‌పీఎం. ఇక షాపూర్‌నగర్ నుంచి బాలానగర్ దాకా సాయంత్రం ఆరింటికి ఎప్పుడైనా 60 దాటారేమో గుండె మీద చెయ్యేసి చెప్పండి. మన బండి బతుకంతా ఐడిల్‌కీ 2,000 ఆర్‌పీఎంకీ మధ్యనే. 4,000 దగ్గర వచ్చే పవర్ కోసం 1,500 దగ్గరి బలాన్ని వదులుకోవడం నేల విడిచి సాము చేయడమే.

దీనికి ఎదురుగా గ్రూపులో పదేపదే పెడుతున్న ఉదాహరణ కార్వెట్. మంచి ఉదాహరణే. 1953లో పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న షెవర్లే కార్లలో ఈ 235 ఇంజను 115 హార్స్‌పవర్ ఇచ్చేది. అదే ఏడాది వచ్చిన మొదటి కార్వెట్‌లో అదే ఇంజను 150 ఇచ్చింది. కానీ అక్కడ మార్చింది ఒక్క క్యామ్‌నే కాదు. కంప్రెషన్ 8కి పెంచారు. ఒక కార్బురేటర్ స్థానంలో మూడు పెట్టారు. వాల్వు స్ప్రింగులు జంటగా వేశారు, ఎగ్జాస్టు రెండు పైపులుగా చేశారు. ఇన్ని కలిస్తే అదనంగా వచ్చింది 35 హార్స్‌పవర్. మనం మిగతావేవీ ముట్టుకోకుండా క్యామ్ ఒక్కటే తెచ్చి పెడితే వచ్చేది ఆ 35లో ఎంతో మీరే ఊహించండి.

పైగా ఈ హెడ్డుకి పుట్టుకతోనే ఒక పరిమితి ఉంది. ఆరు సిలిండర్లకి ఇన్‌టేక్ దారులు మూడే. పక్కపక్క సిలిండర్లు రెండేసి ఒకే దారిని పంచుకుంటాయి. రెండు వాటాలకి ఒకటే కుళాయి ఉన్న ఇంట్లో బకెట్ పెద్దది కొన్నంత మాత్రాన నీళ్లు ఎక్కువ రావు కదా!

ఐడిల్ సంగతి కూడా చూడాలి. పెద్ద క్యామ్‌లో ఎగ్జాస్టు వాల్వు పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ తెరుచుకునే సమయం పెరుగుతుంది. దానివల్ల నెమ్మదిగా తిరిగేటప్పుడు మానిఫోల్డు వాక్యూమ్ పడిపోతుంది, ఇంజను కుంటుతుంది. ఆ "డుబ్ డుబ్" శబ్దమే యూట్యూబులో మనవాళ్లకి నచ్చింది. కానీ ఆ కాలపు కార్లలో డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్సు పనిచేసేది వాక్యూమ్‌తో. చాలావాటిలో వైపర్లు ఆడేది కూడా వాక్యూమ్‌తోనే. జులై వానలో సూరారం దగ్గర వైపర్ సగంలో ఆగిపోతే ఆ శబ్దం ఎంత ముద్దొస్తుందో చూడాలి.

కేటలాగుల గురించి ఇంకో హెచ్చరిక. ఒకరు 260 డిగ్రీల డ్యురేషన్ అంటారు, ఇంకొకరు 220 అంటారు. రెండూ దాదాపు ఒకే క్యామ్ కావచ్చు. వాల్వు కాస్త కదలగానే కొలవడం మొదలుపెడితే ఒక అంకె, ట్యాపెట్ 0.050 అంగుళం, అంటే 1.27 మి.మీ. లేచాక మొదలుపెడితే ఇంకో అంకె. ఎక్కడ కొలిచారో రాయని అంకెలను పక్కపక్కన పెట్టి ఓటింగు పెట్టడం, ఒకరి మార్కులు వందకీ ఇంకొకరివి డెబ్బై అయిదుకీ ఉంటే ర్యాంకులు ఇవ్వడం లాంటిది.

సరే, పాత కొలతలే అనుకుందాం. కొత్తది తెప్పించుకోవచ్చు కదా, గ్రైండింగు ఎందుకు అని కొందరి ప్రశ్న. న్యాయమైనదే. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయి సెవ్రీలో షెవర్లేలు బిగించి అమ్మింది. 1950ల మధ్యకి ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అంటే ఈ దేశంలో ఈ ఇంజన్లకి కంపెనీ దిక్కు లేక డెబ్బై ఏళ్లయింది. విదేశం నుంచి తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ సుంకం, నెలల ఎదురుచూపు. తేడా వస్తే వెనక్కి పంపడం ఇంకో కథ. మన దగ్గరున్నది ఒక్కసారికి సరిపడే డబ్బు, అదీ అందరం తలా ఇంత వేసుకున్నది. కాబట్టి ఉన్నదాన్ని కొలిచి చూడకుండా కొత్తదానికి పరిగెత్తడం తప్పు.

కొలవడం అంటే ఇలా. క్యామ్‌ని రెండు వీ-బ్లాకుల మీద పెట్టి, డయల్ గేజి ఆనించి, పన్నెండు లోబుల లిఫ్టూ రాసుకోవాలి. వాటిని మాన్యువల్‌లోని అంకెతో పోల్చాలి. తర్వాత షాఫ్టు వంగిందేమో చూడాలి. ఆపైన రాక్‌వెల్ టెస్టరు మీద గట్టిదనం చూడాలి. మన మెటలర్జీ ల్యాబులో ఆ మిషను ఉంది, సెమిస్టరుకి ఒకసారి రికార్డు కోసం తప్ప ఎవరూ ముట్టరు. పైపొర గట్టిదనం ఉన్నంత లోతులోనే గ్రైండింగు జరగాలి. అది దాటితే మెత్తటి ఇనుము బయటపడి నెలల్లో అరిగిపోతుంది. అలాంటప్పుడు మొండిపట్టు వద్దు, కొత్తది కొందాం.

గ్రైండ్ చేస్తే క్యామ్ చిన్నదైపోదా అంటున్నారు. అవుతుంది. లిఫ్టు మాత్రం తగ్గదు. లిఫ్టు అంటే మొన ఎత్తుకీ అడుగు వృత్తం వ్యాసార్ధానికీ ఉన్న తేడా. చుట్టూ అర మిల్లీమీటరు సమానంగా తీస్తే రెండూ అంతే తగ్గుతాయి, తేడా అలాగే ఉంటుంది. ట్యాపెట్ అర మిల్లీమీటరు కిందికి కూర్చుంటుంది. దాన్ని రాకర్ స్క్రూతో సర్దుకోవచ్చు. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. గ్రైండింగు చేసేవాళ్లు ఒక లోబుని చూసి మిగతావాటిని అలా తీస్తామంటే, ఆ లోబు అరిగినది కాకూడదు. లేకపోతే అరుగుదలనే పన్నెండుసార్లు నకలు తీసినట్టవుతుంది. మన కొలతల కాగితం చేతిలో ఉంటేనే ఆ మాట అడగగలం.

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఇలాంటి పని అడగడానికి వెళ్లినప్పుడు ఒక పెద్ద మేస్త్రీ మా కేటలాగు చూసి నవ్వారు. "తమ్మీ, బండి ఏడ తిరుగుతదో ముందు చెప్పు. అటెన్క క్యామ్ సంగతి మాట్లాడుదం" అన్నారు. గ్రూపులో మూడొందల మెసేజీలు అయ్యాక కూడా ఎవరూ అడగని ప్రశ్న అది.

ఇక ఏ క్యామ్ వేసినా తప్పించుకోలేని నియమాలు కొన్ని ఉన్నాయి. ఈ ఇంజను కుటుంబంలో హైడ్రాలిక్ ట్యాపెట్లవీ, సాలిడ్ ట్యాపెట్లవీ రెండు రకాలున్నాయి. మనవి సాలిడ్. క్యామ్ కూడా వాటికి తగినదే కావాలి. పాత ట్యాపెట్లు పాత లోబులకి అలవాటుపడి అరిగి ఉంటాయి. గ్రైండ్ చేసిన క్యామ్ మీద వాటిని అలాగే పెట్టకూడదు. వాటి ముఖాలు కూడా తీయించాలి, లేదా కొత్తవి వెయ్యాలి. స్టార్టు చేసే ముందు లోబులకి మాలిబ్డినం పేస్టు పూయాలి. అంటుకున్న క్షణం నుంచి ఇరవై నిమిషాలు ఐడిల్‌లో వదలకుండా 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య తిప్పాలి. చమురు చిమ్మి లోబుల మీద పడేది ఆ వేగంలోనే.

ఆయిల్ కూడా చూసి పొయ్యాలి. కొత్త కార్ల కోసం చేసిన ఎస్‌ఎన్ రకం పలచటి ఆయిళ్లలో ఫాస్ఫరస్‌ని 800 పీపీఎం లోపలే ఉంచుతారు, ఎగ్జాస్టులోని కన్వర్టరు పాడవకుండా. జింక్-ఫాస్ఫరస్ మందే పాత రకం ట్యాపెట్లని కాపాడేది. ఆ మందు ఎక్కువ ఉండే 15డబ్ల్యూ-40 సీఐ-4 డీజిల్ ఆయిల్ బాలానగర్‌లో ఏ లారీ స్పేర్ల షాపులో అడిగినా దొరుకుతుంది. ఈ జాగ్రత్తలు తప్పితే మొదటి గంటలోనే లోబు గీరుకుపోవచ్చు. ఆ ఇనుప పొడి నేరుగా వెళ్లేది మనం కొత్తగా వేసిన బేరింగుల్లోకి. అప్పుడు పోయేది క్యామ్ ఒక్కటే కాదు, ఆరు నెలల పని, అందరి డబ్బు.

"పాతదాన్నే మళ్లీ వేస్తే మనం చేసిందేముంది? మ్యూజియం సరుకే కదా" అని ఒక మిత్రుడు రాశాడు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. అదీ ఆరు సిలిండర్లదే. చూడ్డానికి వెళ్తాం, ఫొటో తీసుకుంటాం. మన బండి రోడ్డు మీద తిరగాలి, కాబట్టే ఈ బాధంతా. డబ్బా విప్పి నాలుగు బోల్టులు బిగించినవాడికంటే, పన్నెండు లోబులు కొలిచి గ్రాఫు గీసినవాడికి క్యామ్ అంటే ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం.

మన కాలేజీ బస్సు రోజూ హెచ్‌ఎంటీ గేటు ముందు నుంచీ, బాలానగర్ టూల్ డిజైన్ సంస్థ పక్క నుంచీ వెళ్తుంది. ఆ సంస్థ పెట్టింది 1968లో. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. ముప్ఫై ఏళ్ల ముందే ఈ వైపు మనుషులు మైక్రాన్లలో పని చేయడం నేర్చుకున్నారు. బస్సు కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో విదేశీ కేటలాగు చూసుకుంటూ వాళ్ల షెడ్లు దాటిపోతున్నాం. మనం పని పట్టుకెళ్లకపోతే ఆ మేస్త్రీల తర్వాత ఆ గ్రైండింగు మిషన్ల ముందు నిలబడేవాడు ఉండడు. అప్పుడు ఏ పాత ఇంజనుకైనా డబ్బాలో వచ్చిందే గతి.

ఎంత చెట్టుకి అంత గాలి అంటారు. మన చెట్టుకి మూడు ఇన్‌టేక్ దారులు, ఒక కార్బురేటర్, బాలానగర్ ట్రాఫిక్. దానికి సరిపడే గాలి ఎంతో 1950ల్లో లెక్కేసినవాళ్లు బాగానే లెక్కేశారు. ఈ శనివారం ల్యాబు తాళం తీయించి క్యామ్‌ని గేజి కింద పెడదాం. ఓటింగు ఆ అంకెలు వచ్చాక పెట్టండి.