వెధవ యను మాట

గతమాసమున నొక సోదరి మాకు జాబు వ్రాసిరి. వారి కుమార్తె కళాశాలలో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము చదువుచున్నదట. ఇన్ని తిట్లున్న నాటకమును ఆడుపిల్లల చేతికిచ్చుట తగునా, ఆ మాటలు తీసివేసి అచ్చు వేయరాదా యని వారి ప్రశ్నము.

మేమును ఒకప్పుడు ఆ పనియే చేసితిమి. అచ్చులో కాదు, నోటితో. మధ్యాహ్నము పనులు తీరిన పిమ్మట మావారి మేనత్తగారికి ఏదియో యొకటి చదివి వినిపించుట మా యింట వాడుక. భారత భాగవతములైన పిదప కన్యాశుల్కము పట్టితిమి. ఆమె పందొమ్మిదవ యేట భర్తను పోగొట్టుకొన్నవారు. వెధవ, ముండ యను మాటలు వచ్చిన చోటనెల్ల మేము చిన్నగా దగ్గి దాటివేయుచుంటిమి. నాలుగు పుటలు గడచునప్పటికి ఆమె వత్తులు చేయుట మాని, "ఎందుకమ్మా మింగేస్తున్నావు? నేను వినని మాటలా అవి? ఉన్నది ఉన్నట్టు చదువు" అనిరి. చదివితిమి. అగ్నిహోత్రావధానులుగారి కోపమునకు పకపక నవ్విరి. బుచ్చమ్మ మాటలాడుచోట మాత్రము నవ్వలేదు.

ఆ యింట బాలవితంతువైన కూతురు తిరుగుచుండగనే తండ్రి నోట నీ మాటలు దొర్లుచుండును. వానిని తీసివేసినచో అవధానులు సాధువగును. బుచ్చమ్మ బ్రదుకు మన కర్థము కాదు. 1897లో వెలువడిన తొలికూర్పు పీఠికలో అప్పారావుగారు ఒక లెక్క చూపిరి. విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో శుల్కము పుచ్చుకొని చేసిన పెండ్లిండ్లు 1034 అట. వధువులలో ఐదేండ్లవారు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పిల్లలలో నెందరికి పిమ్మట నీ మాటయే పేరైనదో! పుస్తకము సాక్ష్యము చెప్పుచున్నది. సాక్షి నోరు నొక్కరాదు.

మరియు, తీసివేయువారు తమకు రుచింపని దానినే తీసివేయుదురు. ముద్దుపళని రాధికాసాంత్వనమునకు జరిగిన దదియే. పూర్వముద్రణమున కొన్ని పద్యములు విడువబడినవని కనుగొని బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో సమగ్రముగా అచ్చు వేయించిరి. ప్రభుత్వమువారు దానిని నిషేధించిరి. ఆ నిషేధము తొలగుట 1947లో గాని జరుగలేదు.

పుస్తకము మాట అటుండనిండు. మన నోటి మాట యేమి? ధవుడనగా భర్త, అతడు లేనిది విధవ. ముండనము చేయబడినది ముండ. మొదట నివి తిట్లు కానేకావు. ఒకటి స్త్రీకి కలిగిన దుఃఖమునకు పేరు. రెండవది ఆ దుఃఖముమీద లోకము చేయించిన క్షౌరమునకు పేరు. భార్య పోయిన మగవానికిని విధురుడను పేరు కలదు. దానితో నెవరినైనను తిట్టగా విన్నవారున్నారా? పైగా స్త్రీవాచకమును వికృతిచేసి మగపిల్లలను తిట్టుటకు వాడుచున్నాము. వ్యాకరణమునకు కూడ దిక్కులేకపోయినది!

కులముల పేర్లతో తిట్టుటయు నిట్టిదే. షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని నలుగురిలో కులము పేరెత్తి యవమానించుట 1989 నాటి చట్టముచేత నేరమైనది. వంటయింటి గోడల నడుమ మాత్రము ఆ మాటలు నేటికిని వినబడుచున్నవి. వానిని మేమిచ్చట వ్రాయము.

"ముద్దుకు అన్నమాటకు అంత అర్థమా" అని కొందరందురు. మేమును అట్లే యనుకొంటిమి. మొన్న మా చిన్నవాడు పాలగిన్నె దొర్లించినాడు. "వెధవా!" యని మా నోట వచ్చినది. ప్రక్కగదిలో మేనత్తగారి జపమాల చప్పుడు ఒక్కక్షణ మాగి మరల సాగినది. ఆమె యేమియు ననలేదు. అరువదేండ్లుగా నెన్నిమారు లట్లు ఆగి సాగినదో మేమెన్నడును గమనింపమైతిమి.

కావున సోదరికి మా విన్నపము: పుస్తకమును కుమార్తె చేతి కిండు, వీలైన మీరును కలిసి చదువుడు. మా యింట నిప్పుడు కోపము వచ్చినప్పుడు పిల్లవానిని పూర్తి పేరుతో పిలుచుచున్నాము. తాతగారి పేరు, చాల పొడవైనది. పలికి ముగించులోపల కోపము సగము తగ్గును. మావారికి మాత్రము పాత యలవాటింకను పోలేదు. బడిపంతులుగారు గదా!