మగాడిలా వాయించింది!

ఆమధ్య ఒక సంగీత సభలో షోపాన్ రాసిన పియానో ఎట్యూడ్ రికార్డు వినిపించారు. వాయించింది ఒక స్త్రీ. రికార్డు ఆగగానే వక్త మురిసిపోతూ, "ఏం బలమండీ! మగాడిలా వాయించింది" అన్నాడు. హాలంతా చప్పట్లు. నా చేతులు మాత్రం లేవలేదు. నా పిహెచ్.డి. వైవాలో ఒక పెద్దాయన, "ఆడవాళ్లు రాసినట్టు లేదమ్మా, గట్టిగా ఉంది" అని నన్నూ ఇలాగే మెచ్చుకున్నాడు. ఆయనకి థాంక్స్ చెప్పాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఆ ఎట్యూడ్ ఓపస్ 25లో 11వది. 1837లో అచ్చయింది. 'శీతగాలి' అన్న పేరు షోపాన్ పెట్టింది కాదు. మొదటి నాలుగు బార్లూ నెమ్మదిగా నడుస్తాయి. ఆ తర్వాత కుడిచేయి ఆరేసి స్వరాల గుంపులతో పైనుంచి కిందికి జలజలా దూకుతుంది. మూడున్నర నిమిషాల పాటు దానికి ఊపిరి తీసుకునే వ్యవధి దాదాపు ఉండదు. అసలు పాట ఎడమచేతిలో, కవాతు నడకలో సాగుతుంది. ఎట్యూడ్ అంటే అభ్యాసం. ఇక్కడ వేళ్లు దేనికది స్వతంత్రంగా కదలాలి, మణికట్టు వదులుగా ఉండాలి. కండబలంతో బాదితే కాసేపటికే చెయ్యి పట్టేస్తుంది.

మరి ఇందులోకి మగతనం ఎలా వచ్చింది? విమర్శకులు తెచ్చారు. అమెరికన్ విమర్శకుడు జేమ్స్ హ్యునెకర్ 1900లో షోపాన్ మీద పుస్తకం రాశాడు. వేళ్లలో ఎంత చురుకున్నా, అల్పాత్మలైన మగవాళ్లు దీని జోలికి పోవద్దని అందులో హెచ్చరించాడు. ఇంగ్లీషులో 'మెన్' అంటే మనుషులనే అర్థమని సర్దిచెప్పేవాళ్లుంటారు. మనుషులందరికీ మగవాడి పేరే ఎందుకు సరిపోయిందన్నదే నా ప్రశ్న.

షోపాన్ బక్కపలచని మనిషి, తరచూ జబ్బుపడేవాడు. 1829లో వియన్నాలో వాయిస్తే చప్పుడు చాలలేదన్నారు. బలమే మగతనమైతే ఆ పరీక్షలో మొదట తప్పేది ఆయనే! ఆయన శిష్యుల్లో ఎక్కువమంది స్త్రీలు. వాళ్లలో చాలామంది కులీన కుటుంబాల వాళ్లు. ఎంత విద్య వచ్చినా కచేరీ వేదిక ఎక్కడం వాళ్లకి పరువు తక్కువ. విద్య డ్రాయింగ్ రూముల్లో ఉండిపోయింది, పేరు వేదికనెక్కిన మగవాళ్లకి దక్కింది.

ఓపస్ 10 ఎట్యూడ్లను షోపాన్ లిస్ట్‌కి అంకితమిచ్చాడు. ఓపస్ 25ని మారీ దాగూకి ఇచ్చాడు. లిస్ట్ సంగీతకారుడని అందరూ చెబుతారు. మారీ ఎవరంటే లిస్ట్ ప్రియురాలంటారు. 1848 ఫ్రెంచి విప్లవ చరిత్ర రాసిన రచయిత్రి ఆమె. ఆ పుస్తకం మీద పేరు 'డేనియల్ స్టెర్న్' - మగపేరు.

రాయడానికి ఆమె మగపేరు అరువు తెచ్చుకుంది. మేం బాగా రాస్తే, బాగా వాయిస్తే ఇప్పటికీ మాకు మగపేరే అంటగడుతున్నారు. దీన్ని మెచ్చుకోలు అనడానికి నేను ఒప్పుకోను. ఇది జప్తు. ఏళ్ల తరబడి ఒక స్త్రీ చేసిన సాధనను ఒక్క మాటతో మగవాళ్ల ఖాతాలో జమచెయ్యడం.

ఇకమీదట ఎవరైనా "మగాడిలా" అంటే నేను థాంక్స్ చెప్పను. "ఏ మగాడిలాగండీ, షోపాన్‌లాగా?" అని అడుగుతాను.