హుద్‌హుద్‌కి ఆ పేరు పెట్టిందెవరు?

యునెస్కో అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రెండే రెండు. ఒకటి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన రామప్ప గుడి. రెండోది "మన జాతీయగీతమే ప్రపంచంలోకెల్లా గొప్పదని యునెస్కో ప్రకటించింది" అని ఏళ్ళ తరబడి తిరుగుతున్న ఫార్వర్డు. (అది పచ్చి అబద్ధం. ఇంకా పంపేవాళ్ళకి ఓ దణ్ణం.) ఇక "విద్య, విజ్ఞాన, సాంస్కృతిక రంగాల్లో దేశాల మధ్య సహకారం" అన్నామంటే చాలు, హైస్కూల్లో వ్యాసరచన పోటీ గుర్తొచ్చి ఆవులింత వచ్చేస్తుంది.

ఆవులింతతో పోతే నాకేం బాధ లేదు. ఈ మధ్య ఆఫీసు లంచ్ టేబుళ్ళ దగ్గర ఇంకో మాట ఎక్కువగా వినబడుతోంది. "మన శాటిలైట్లు మనకున్నాయి, మన సైంటిస్టులు మనకున్నారు. పక్క దేశాలకి డేటా ఎందుకివ్వాలి? ఆ ఐక్యరాజ్యసమితి, ఆ సంస్థలు... అంతా దండగ!" ఈ మాటతోనే నా పేచీ.

మాది చోడవరం. (2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, ఎవరైనా అడిగితే మేమింకా వైజాగ్ జిల్లా అనే అంటాం.) మా ఊరికి సముద్రం కనబడదు, తుఫాను మాత్రం అడ్రసు వెతుక్కుని మరీ వస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్ దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు చెరుకు తోటలు చాప పరిచినట్టు పడుకున్నాయి. చెట్లూ, కరెంటు స్తంభాలూ సరేసరి. ఆ పేరు మాత్రం మా వాళ్ళెవరికీ నోరు తిరగలేదు. అది ఒమన్ ఇచ్చిన పేరు, ఓ పిట్ట పేరు. 2018లో శ్రీకాకుళాన్ని అతలాకుతలం చేసిన తిత్లీ పేరు ఇచ్చింది ఎవరనుకున్నారు? పాకిస్తాన్! 2004లో ఎనిమిది దేశాలు కలిసి రాసుకున్న జాబితాలోవి ఆ పేర్లు. ఇప్పుడా జట్టులో 13 దేశాలున్నాయి. సరిహద్దులో ఎన్ని గొడవలైనా జాబితా మాత్రం ఆగలేదు.

పేరు పైకి కనబడే ముక్క, అంతే. లోపల నడిచేది డేటా. అండమాన్ సముద్రం వైపు పుట్టిన తుఫాను ఎటు తిరుగుతుందో లెక్కగట్టాలంటే మన రాడార్లూ, మన శాటిలైట్లూ మాత్రమే చాలవు. భూగోళం మొత్తం మీద గాలి, తేమ, ఒత్తిడి ఎలా ఉన్నాయో మోడల్‌కి ఇన్‌పుట్ ఇవ్వాలి. ఆ అంకెల్ని దేశాలన్నీ రోజూ ఒకదానికొకటి పంపుకుంటాయి. ప్రపంచ వాతావరణ సంస్థ కింద ఈ ఏర్పాటు 1963లో మొదలైంది. అంటే క్యూబా క్షిపణుల గొడవలో అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచుదాకా వెళ్ళొచ్చిన మరుసటి ఏడే!

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారు. హుద్‌హుద్‌లో మన రాష్ట్రంలో పోయినవాళ్ళు వందలోపు. రెండూ ఒకే రకం తుఫాన్లు కావు, నిజమే. మన వాతావరణ శాఖ కష్టం, ఇస్రో కష్టం, ముందే జనాన్ని ఖాళీ చేయించిన అధికారుల కష్టం ఎంతో ఉంది, అదీ కాదనను. కానీ వాళ్ళ చేతికి ఆ ఇన్‌పుట్ రాకపోతే ఏం చేసేవారు?

డేటా ఒక్కటే ఉంటే సరిపోదు, దాన్ని చదివే మనుషులు కావాలి. వాళ్ళెలా తయారయ్యారో చూడండి. 1952లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఫుల్‌బ్రైట్ ప్రొఫెసరుగా వాల్తేరు వచ్చాడు. ఆంధ్రా యూనివర్సిటీలో ఓషనోగ్రఫీ నిలదొక్కుకోవడంలో ఆయన చెయ్యి పెద్దది. నేవీ ఓడలెక్కించి మన కుర్రాళ్ళచేత సముద్రాన్ని కొలిపించాడు. తర్వాత యునెస్కో కూడా ఓ చెయ్యి వేసిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర (1959-65) జరిగింది. అమెరికా ఓడలూ, సోవియట్ ఓడలూ, మన నేవీ ఓడా ఒకే సముద్రాన్ని పంచుకుని కొలిచాయి. బంగాళాఖాతం అడుగున మన తీరానికెదురుగా ఉన్న లోయలకి లఫాండ్ పెట్టిన పేర్లేంటో తెలుసా? ఆంధ్రా, మహదేవన్, కృష్ణ. మహదేవన్ అంటే ఏయూ జియాలజీ ప్రొఫెసర్ సి. మహదేవన్. ఆ యాత్ర ఊపులోనే 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పుట్టింది. ఓడలు వెళ్ళిపోయాయి, పాఠం నేర్చుకున్నవాళ్ళు మిగిలారు.

ఇక సహకారం లేకపోతే ఏమవుతుందో 2004 డిసెంబర్ 26న చూశాం. పొద్దున్న ఆరున్నరకి సుమత్రా దగ్గర భూకంపం. మన తీరానికి అలలు రావడానికి రెండు గంటలకి పైగా టైముంది. చెప్పేవాడే లేడు! పసిఫిక్ దేశాలకి 1960ల నుంచే ఉమ్మడి హెచ్చరిక వ్యవస్థ ఉంది, హిందూ మహాసముద్రానికి లేదు. అన్ని దేశాల్లో కలిపి రెండు లక్షల మందికి పైగా పోయారు, ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా.

ఆ తర్వాత యునెస్కో సముద్ర విభాగం దేశాలన్నిటినీ కూర్చోబెట్టింది. 2007లో హైదరాబాద్ ఇన్‌కాయిస్‌లో సునామీ కేంద్రం మొదలైంది. అదేనండీ, మనలో బోలెడుమంది ఫ్లాట్లు కొనుక్కున్న ప్రగతినగర్‌లో ఉన్నదే :) 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకి హెచ్చరికలు పంపుతున్నది అదే. దానికి కావలసిన భూకంప సిగ్నళ్ళలో చాలా భాగం పరాయి దేశాల స్టేషన్లవే. మనం ఇవ్వడం మానేస్తే వాళ్ళూ మానేస్తారు. దండగ అన్నవాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి.

ఈ సంస్థల్లో రాజకీయాలు లేవా అంటే, బోలెడున్నాయి. అమెరికా యునెస్కో నుంచి 1984లో పోయింది, 2003లో వచ్చింది, 2018 చివర్లో పోయింది, 2023లో వచ్చింది, 2026 చివరికి మళ్ళీ పోతానని 2025లో ప్రకటించింది. మీటింగులు, తీర్మానాలు, విమానం ఖర్చులు... అన్నీ నిజమే. కానీ స్టేటస్ కాల్స్ విసుగ్గా ఉన్నాయని ప్రొడక్షన్ సర్వర్ పీకేస్తామా?

నాకున్న అసలు ఫిర్యాదు వేరు. హెచ్చరిక హైదరాబాద్‌లో స్క్రీన్ మీద పడితే చాలదు, రేవులో వల సర్దుకుంటున్న మనిషికి అందాలి. ఈ పని ఒడిశా మొదలెట్టింది. 2020లో గంజాం జిల్లా వెంకట్రాయ్‌పూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి 'సునామీ రెడీ' ఊళ్ళుగా యునెస్కో గుర్తింపు తెచ్చుకున్నాయి. ఒడిశాలో నోలియాలంటే ఎక్కువగా తెలుగు మూలాలున్న జాలర్లే. 2024లో ఆ రాష్ట్రంలో 24 ఊళ్ళకి గుర్తింపు దక్కింది. ఎటు పరుగెత్తాలో చూపే మ్యాపు, దారి చూపే బోర్డులు, రాత్రీపగలూ హెచ్చరిక అందుకునే ఏర్పాటు, ఊరంతా కలిసి చేసే డ్రిల్లు... ఇవే షరతులు. కోట్లు అక్కర్లేదు. పూడిమడక, రేవుపోలవరం నుంచి నెల్లూరు దాకా ప్రతి రేవుకీ ఇది అందాలి.

మనం ఊరికి ఆర్చీలు కట్టించాం, స్కూలుకి ప్రొజెక్టర్లు కొనిచ్చాం. మంచిదే. మీలో తీరం పక్క ఊళ్ళవాళ్ళుంటే ఈసారి వెళ్ళినప్పుడు ఒక్కటి కనుక్కోండి. అర్ధరాత్రి హెచ్చరిక వస్తే ఎవరి ఫోను మోగుతుంది? ఆ మనిషి ఊళ్ళో లేకపోతే ఇంకెవరు లేపుతారు?