రంజాన్ ప్రకటనలు: జకాత్ పెరుగుతోందా, దారి మారుతోందా?

రంజాన్ నెలవంక కనిపించిన రాత్రి నుంచే మన ఫోన్ల తీరు మారిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే ఆసుపత్రి మంచం మీద పసివాడు. ఫేస్‌బుక్‌లో రేషన్ కిట్ల వరుస. యూట్యూబ్‌లో బయాన్ వింటుంటే మధ్యలో విరాళం కోసం విజ్ఞప్తి. ఫ్యామిలీ గ్రూపులో ఖాలా ఫార్వర్డ్ చేసిన క్యూఆర్ కోడ్, దాని కింద వరసగా ఆమీన్‌లు. చివరి అష్రాలో, అందులోనూ బేసి రాత్రుల్లో ఈ జోరు మరీ ఎక్కువ.

ఇందులో తప్పేముంది అని ఎవరైనా అడగొచ్చు. జనం ఎక్కడుంటే సంస్థలు అక్కడికే వస్తాయి. ఒకప్పుడు మదర్సా సఫీర్ రసీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు. జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ గుమ్మం దగ్గర రుమాలు పరిచేవారు. ఇప్పుడా పని ఫోన్ చేస్తోంది. నిజమే. కానీ సఫీర్ గారి బస్సు చార్జీకీ, సోషల్ మీడియా కంపెనీకి కట్టే ప్రకటన ఖర్చుకీ చాలా తేడా ఉంది. ఆ తేడా మన పేదల వాటా మీద పడుతోంది కాబట్టి దీన్ని కాస్త లెక్కల కోణంలో చూడాలి.

బిస్కెట్ల లెక్క వేరు, జకాత్ లెక్క వేరు

ఒక బిస్కెట్ కంపెనీ ప్రకటనల మీద ఖర్చు పెడితే బిస్కెట్లు తినేవాళ్లు పెరుగుతారు, అమ్మకాలు పెరుగుతాయి. ఖర్చు పెట్టినదానికంటే ఎక్కువ వెనక్కి వస్తే ఆ ప్రకటన లాభమే.

జకాత్ అలా పెరిగే సొమ్ము కాదు. 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువను నిసాబ్‌గా లెక్కిస్తారు. అంతకు మించిన సంపద ఏడాది పాటు చేతిలో ఉంటే అందులో నలభైలో ఒక వంతు, అంటే 2.5 శాతం ఇవ్వాలి. నాలుగు లక్షల పొదుపున్న కుటుంబం జకాత్ పది వేల రూపాయలు. ఆ ఇంటివాళ్లు ఒక ప్రకటన చూసినా వంద చూసినా లెక్క పది వేలే.

మరి ప్రకటన చేసే పనేంటి? ఆ పది వేలు ఎవరికి చేరాలో తేల్చడం. నిన్నటిదాకా అది మన వీధిలోని బేవాకు, ఊళ్లో మేనత్త కొడుకు ఫీజుకు వెళ్లి ఉండొచ్చు. ఈ ఏడు రెండు నిమిషాల వీడియో చూసి, ఎన్నడూ చూడని ఊళ్లోని ఖాతాకు వెళ్లొచ్చు. సంస్థలు పోటీ పడి ఎంత ఖర్చు పెట్టినా సమాజం మొత్తం జకాత్ దాదాపు అంతే ఉంటుంది. పోటీకి అయిన ఖర్చు మాత్రం ఎక్కడో ఒకచోట తగ్గాల్సిందే.

దీనికి రెండు మినహాయింపులు చెప్పుకోవాలి. జకాత్ ఇవ్వాల్సి ఉండీ మర్చిపోయినవాళ్లకు ప్రకటన గుర్తు చేస్తుంది. రెండోది, సదఖాకు హద్దు లేదు, మనసు కదిలితే మనిషి ఇంకొంచెం ఇస్తాడు. ఈ రెండు చోట్లా ప్రకటనతో మేలు ఉంది. అందుకే “మీ జకాత్ మాకే ఇవ్వండి” అనే వీడియోనూ, “ఈ పని కోసం సదఖా ఇవ్వండి” అనే వీడియోనూ ఒకే కళ్లతో చూడకూడదు.

ఆ వీడియో మనకే ఎందుకు కనిపిస్తుంది?

చాలామంది దాన్ని యాదృచ్ఛికం అనుకుంటారు, కొందరు అల్లాహ్ సంకేతం అని కూడా అనుకుంటారు. దాని వెనక మామూలు వ్యాపార పద్ధతే ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ మతం ఆధారంగా ప్రకటనలు గురిపెట్టే వివరాలను 2022 జనవరి నుంచి తీసేసింది. అయినా దారులు మూసుకుపోలేదు. గతంలో విరాళం ఇచ్చినవాళ్ల ఫోన్ నంబర్ల జాబితాను సంస్థ అప్‌లోడ్ చేయొచ్చు. వాళ్ల అలవాట్లకు దగ్గరగా ఉన్న వేరేవాళ్లను వెతికిపెట్టమని కంపెనీని అడగొచ్చు. వెబ్‌సైట్‌లోకి వెళ్లి డబ్బు కట్టకుండా బయటికొచ్చిన మనిషికి అదే ముఖం మళ్లీ మళ్లీ చూపించొచ్చు.

అదే విజ్ఞప్తిని నాలుగు రకాలుగా తయారు చేసి, ఏ ఫొటోకు ఎక్కువ మంది నొక్కారో చూసి, మిగతావి ఆపేయడం కూడా ఇందులో భాగమే. నవ్వుతున్న పిల్లాడి కంటే ఏడుస్తున్న పిల్లాడికే ఎక్కువ మంది ఆగితే, ఇక ఏడుపే కనిపిస్తుంది. దీనికి ఎవరి దుర్బుద్ధీ అక్కర్లేదు, లెక్క దానంతటదే అటు తోస్తుంది.

పేరున్న ముఖాలు కూడా వస్తాయి. డబ్బు లేదా మరో లాభం తీసుకుని సోషల్ మీడియాలో ప్రచారం చేస్తే అది ప్రకటన అని స్పష్టంగా తెలపాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. అభిమానించే యూట్యూబర్ భాయ్ ఒక సంస్థను మెచ్చుకుంటే, ఆ వీడియోలో ఆ మాట రాసి ఉందో లేదో చూడటం మన హక్కు.

మన సమాజం ఈ విషయంలో ఇప్పటికే గట్టి దెబ్బలు తింది. 2018లో హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూప్, 2019లో బెంగళూరు ఐఎంఏ కేసులు గుర్తుండే ఉంటాయి. అవి సేవా సంస్థలు కావు, పెట్టుబడి కంపెనీలు. అయినా ప్రచారంలో ముందు నిలిచిన మాట “హలాల్”. ఆ మాట విని నమ్మిన వేల కుటుంబాలు డబ్బు కోసం పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరగాల్సి వచ్చింది. దీనీ మాటలు నోటికి రావడం వేరు, లెక్క సరిగ్గా ఉండటం వేరు అని ఆ రెండు కేసులూ నేర్పాయి.

అదే ఫోన్ మంచికీ పనికొచ్చింది

సోషల్ మీడియాతో జనాన్ని కలపడం చెడ్డపని అని చెప్పడం నా ఉద్దేశం కాదు. 2014 వేసవిలో అమెరికాలో నెత్తిన ఐసు నీళ్లు పోసుకునే ఐస్ బకెట్ చాలెంజ్ నడిచింది. నరాల జబ్బు ఏఎల్ఎస్ మీద పనిచేసే అక్కడి సంఘానికి దానివల్ల 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అదే ఏడు ఆగస్టులో హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి దాన్ని మన నేలకు తగ్గట్టు మార్చి రైస్ బకెట్ చాలెంజ్ మొదలుపెట్టారు. పక్కనున్న పేదకు ఒక బకెట్ బియ్యం ఇవ్వాలి, ఫొటో పెట్టి స్నేహితులను కూడా ఇమ్మనాలి. అంతే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. డబ్బు ఎక్కడికో పోయి మళ్లీ రాలేదు. మధ్యలో ఖాతా లేదు, ప్రకటన బిల్లు లేదు. ఫోన్ చేసిన పనల్లా మనిషిని తన వీధిలోకి పంపడమే. మనకు కావాల్సిన ప్రచారం ఇలాంటిది.

అమెరికాలో 2013లో మొదలైన లాంచ్‌గుడ్ లాంటి వేదికలు ముస్లిం సమాజం కోసమే పనిచేస్తున్నాయి. విదేశాల్లో ఉన్న మన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ పేరు కొత్త కాదు. చివరి పది రాత్రులకు విరాళాన్ని విడగొట్టి, రోజూ దానంతటదే వెళ్లేలా చేసే సదుపాయాలు కూడా వచ్చాయి. సౌకర్యం బాగుంది. కానీ పది రాత్రుల సొమ్మూ ఎవరి ఎంపికతో ఎటు వెళ్తోందన్న ప్రశ్న అక్కడా ఉంటుంది.

వీడియోకు అందని పేదలు

జకాత్ ఎవరికి ఇవ్వాలో సూరా తౌబా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలుగా చెబుతుంది. అందులో అప్పుల్లో కూరుకుపోయినవాళ్లున్నారు, దారిలో చిక్కుకుపోయిన ప్రయాణికులున్నారు. ఇప్పుడు మన ఫోన్‌లోని విజ్ఞప్తులను ఆ ఎనిమిది వర్గాల పక్కన పెట్టి చూడండి. ఆపరేషన్, అనాథలు, రేషన్ కిట్, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్. చాలావరకు ఇవే. మైక్రోఫైనాన్స్ వాయిదాలు కట్టలేక తలుపు తీయడానికి భయపడే ఇల్లాలి మీద వీడియో వస్తుందా? తలాక్ అయి ఇద్దరు పిల్లలతో ఒక గది అద్దెకు తీసుకున్న ఆపా మీద? లాక్‌డౌన్‌లో కొట్టు మూసేసి ఇప్పటికీ లేవలేకపోతున్న టైలర్ చాచా మీద? ఆ కష్టాలు కెమెరాకు చిక్కవు. అసలు కెమెరాను ఆ ఇంట్లోకి రానివ్వరు.

అడగలేక మౌనంగా ఉండిపోయే పేదల గురించి సూరా బఖరా ప్రత్యేకంగా గుర్తు చేస్తుంది. వాళ్లను వెతుక్కుంటూ వెళ్లాల్సింది మనం. ఏ యాప్ కూడా వాళ్లను మన స్క్రీన్ మీదికి తేలేదు.

ఇక కనిపించేవాళ్ల సంగతి. ఒక బియ్యం సంచీ కోసం పేరు, ముఖం, కాలనీ అన్నీ వీడియోలోకి ఎక్కుతాయి. ఆ అమ్మాయికి రేపు సంబంధం చూసేటప్పుడు, ఆ అబ్బాయి బడికి వెళ్లినప్పుడు ఆ వీడియో అక్కడే ఉంటుంది. దానాన్ని బయటికి కనిపించేలా ఇచ్చినా మంచిదే, గుప్తంగా పేదకు చేర్చడం ఇంకా మేలని ఖుర్ఆన్ బోధ. దాతకు రుజువు కావాలంటే బిల్లు చూపించొచ్చు, సంచుల లెక్క చూపించొచ్చు. ముఖం చూపించాల్సిన పని లేదు.

ఇచ్చే ముందు చూడాల్సినవి

యూపీఐలో డబ్బు పంపే ముందు ఖాతాదారు పేరు వస్తుంది. వీడియోలో సంస్థ పేరు, ఖాతాలో వ్యక్తి పేరు ఉంటే అక్కడే ఆగి అడగాలి. సంస్థ ట్రస్టా, సొసైటీయా, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో ఉందా అన్నది ఐదు నిమిషాల పని.

80జి పన్ను మినహాయింపు ఉంటే నిజమైన సంస్థ, లేకపోతే దొంగ సంస్థ అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఒక మతానికే పరిమితమైన సంస్థలకు సాధారణంగా ఆ మినహాయింపు దొరకదు. కాబట్టి నిజాయితీగా నడిచే మదర్సాకు అది లేకపోవచ్చు. కానీ ఉందని చెప్పుకునే సంస్థ మాత్రం మన పాన్ నంబరుతో సర్టిఫికెట్ ఇవ్వగలగాలి. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇచ్చిన విరాళానికి ఆ మినహాయింపు వర్తించదు.

వైద్యం కోసం అడిగితే ఆసుపత్రి అంచనా పత్రం చూడాలి, వీలైతే నేరుగా ఆసుపత్రికే కట్టాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల రూపాయలు. ఆ చికిత్స ఆరోగ్యశ్రీలో, ఆంధ్రప్రదేశ్‌లోనైతే ఎన్టీఆర్ వైద్యసేవలో ఉందేమో ముందు కనుక్కుంటే, జకాత్ సొమ్ము ఇంకో ఇంటికి మిగులుతుంది. క్రౌడ్‌ఫండింగ్ వేదికల్లో కట్టేటప్పుడు “టిప్” అనే గడిలో ముందే ఏదైనా శాతం పెట్టి ఉందేమో చూసుకోవాలి. ఆ మొత్తం వేదికకు వెళ్తుంది, రోగికి కాదు.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే వస్తుంది. అలాంటి సొమ్ము తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి, అందులో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. దేశంలో వసూలు చేసే జకాత్‌కు కూడా సంస్థలు ఇలాంటి ఒక హద్దు తమకు తామే పెట్టుకుని ప్రకటిస్తే బాగుంటుంది. జకాత్ సొమ్ములో ఎంత ప్రచారానికి వాడొచ్చన్నది ఉలమా తేల్చాలి. ఎంత వాడారో చెప్పాల్సిన బాధ్యత మాత్రం సంస్థదే.

మోసపోయామని తెలిస్తే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

మస్జిద్ కమిటీల వంతు

పెద్ద సంస్థలతో వీడియోల్లో మన కమిటీలు పోటీ పడలేవు, పడక్కర్లేదు కూడా. వాళ్ల దగ్గర లేనిది కమిటీ దగ్గర ఒకటుంది, మొహల్లా గురించిన సమాచారం. ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో ఇమామ్ సాబ్‌కు, సదర్ సాబ్‌కు తెలిసినంతగా ఏ కంప్యూటర్‌కూ తెలియదు. లోపమల్లా లెక్క చెప్పకపోవడంలో ఉంది. బైతుల్‌మాల్ ఖాతా సదర్ సాబ్ సొంత పేరు మీద, పుస్తకం ఆయన బీరువాలో ఉంటే, చదువుకున్న కుర్రాళ్లు ఫోన్‌లోని సంస్థనే నమ్ముతారు. వాళ్లను తప్పుపట్టలేం.

కమిటీ పేరు మీద బ్యాంకు ఖాతా, దానికే క్యూఆర్ కోడ్. నెలకొకసారి ఒక పేజీ లెక్క: ఎంత వచ్చింది, ఎన్ని ఇళ్లకు, దేనికోసం ఇచ్చాం, ఎంత మిగిలింది. పేర్లు వద్దు, ముఖాలు వద్దు. ఆ పేజీని నోటీసు బోర్డు మీద, మొహల్లా వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు. రూపాయి ఖర్చు లేని ఈ ప్రచారం నమ్మకాన్ని తెస్తుంది. బీకాం చదివే పిల్లలు ప్రతి మొహల్లాలో ఉన్నారు, ఈ పని వాళ్లకు అప్పగించొచ్చు.

ఇళ్లలో చేయాల్సింది ఇంకా సులువు. షాబాన్ నెలలోనే అమ్మీ, అబ్బా, పిల్లలు కూర్చుని జకాత్ లెక్క కట్టాలి. బంధువుల్లో అర్హులెవరు, పొరుగులో ఎవరు, మదర్సాకు ఎంత, దూరపు సంస్థకు ఎంత అని కాగితం మీద రాసుకోవాలి. ఆ జాబితా ముందే ఉంటే, బేసి రాత్రి ఫోన్‌లో వచ్చే ఏ వీడియో అయినా సదఖా కోసం మన మనసును అడుగుతుంది. జకాత్ ఎవరికి చేరాలో మాత్రం అప్పటికే మనం తేల్చుకుని ఉంటాం.