జేబులో గోపురం

చేతిలో ఉన్న నోట్లు ఒకసారి తిప్పి చూడండి. పది మీద కోణార్క, ఇరవై మీద ఎల్లోరా, యాభై మీద హంపి రథం, వంద మీద రాణీ కీ వావ్, రెండు వందల మీద సాంచీ, ఐదు వందల మీద ఎర్రకోట. తెలుగు నేల మీది కట్టడం ఒక్కటీ లేదు. మన లిపి మాత్రం ప్రతి నోటు మీదా ఉంది, భాషల వరసలో ఉర్దూకి సరిగ్గా పైన.

అయితే సాంచీలో మనవాళ్ల చెయ్యి ఉంది. దక్షిణ తోరణం మీది దూలం శాతవాహన రాజు శాతకర్ణి కొలువులోని శిల్పుల పెద్ద, వాసిష్ఠీపుత్ర ఆనందుడు ఇచ్చిన దానమని అక్కడి శాసనమే చెబుతోంది. హంపి సంగతి తెలుగువారికి వేరే చెప్పాలా?

ఫ్రాన్స్‌లో 2015లో 'సున్నా యూరో' నోటు మొదలైంది. అసలు నోటు కాగితం, నీటిగుర్తు, మీద చర్చిలూ కోటలూ. దానితో ఏదీ కొనలేం; అయినా యాత్రికులు డబ్బిచ్చి కొని పదిలంగా దాచుకుంటున్నారు. శంషాబాద్‌లో విమానం దిగేవారికి అలాంటిది మనమూ అందించాలి.

హైదరాబాద్‌కి ఈ విద్య కొత్త కాదు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెం మీద చార్మినార్ ఉండేది. దాని గుమ్మంలో 'మీమ్' అక్షరం చెక్కారు, అది ఆయన పేరులో మొదటిది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అదే గుమ్మంలోకి 'ఐన్' వచ్చింది. అంత చిన్న చోట అంత శ్రద్ధ!

నోటును పోలిన కాగితం ఎవరుపడితే వారు అచ్చేస్తే నేరం. కనుక ఇది కేంద్ర ప్రభుత్వ ముద్రణ, టంకశాలల సంస్థే పూనుకోవాల్సిన పని. స్మారక నాణేలు ఇప్పటికే ఆ సంస్థ అమ్ముతోంది. చర్లపల్లి టంకశాల, మింట్ కాంపౌండ్‌లోని సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్ రెండూ దానివే.

తొలి నోటు రామప్ప గుడికి దక్కాలి. వెనకవైపు 1213 అనే ఏడు, గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు, నీటిలో తేలే ఇటుకల ముచ్చట ఉండాలి. రెండోది విమానాశ్రయానికి దగ్గర్లోనే నర్కూడలో ఉన్న అమ్మపల్లి రామాలయానికి. ఆ ఏడంతస్తుల గోపురాన్ని మనం ఎన్నో సినిమాల్లో చూశాం, ఊరి పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆ పేరు తెలుగులో, పెద్ద అక్షరాల్లో వేయాలి. ధర మాత్రం వంద రూపాయలు దాటకూడదు. రామప్ప ఉన్న ములుగు బడిపిల్లలు కూడా కొనుక్కోగలగాలి.