ఓర్చుకోవడం వేరు, దాచుకోవడం వేరు

రడ్యార్డ్ కిప్లింగ్ రాసిన 'ఇఫ్' అనే ఇంగ్లీషు పద్యాన్ని కాలేజీలో పాఠంగా చదివినవారు మనలో కొందరైనా ఉంటారు. 1910లో పుస్తకంలో అచ్చయిన ఈ పద్యంలో 32 పాదాలున్నాయి. ఈ గుణాలు నీకు అలవడితే నువ్వు పెద్దవాడివైనట్టే అని తండ్రి కొడుక్కి చెబుతున్నట్టుగా సాగుతుంది. ఆ రోజుల్లో నాకది మార్కుల కోసం బట్టీపట్టిన పాఠం. పద్నాలుగేళ్ళుగా షుగరు వ్యాధితో జీవిస్తున్నాను గనుక, ఇప్పుడు దాన్ని మరోలా చదువుకుంటున్నాను.

గెలుపునూ ఓటమినీ ఒకేలా చూడమంటాడు కవి. షుగరు ఉన్నవారికి ఇంతకంటే పనికివచ్చే మాట లేదు. పరగడుపు రిపోర్టు బాగా వస్తే ఆ సాయంత్రమే మిఠాయి పొట్లం విప్పేవారున్నారు. ఎక్కువ వస్తే "ఇంకెందుకీ పథ్యం?" అని మాత్రలు మూలన పడేసేవారూ ఉన్నారు. రెండూ పసితనమే. ఒక రోజు అంకె ఆ రోజుదే. మన ఎర్ర రక్తకణాల ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే డాక్టరుగారు రాసే హెచ్‌బిఎ1సి పరీక్ష రెండు మూడు నెలల సగటును చెబుతుంది. ఒక మంచి రోజుతో పొంగిపోకుండా, ఒక చెడ్డ రోజుతో కుంగిపోకుండా, వేళకు మాత్ర, వేళకు భోజనం, రోజూ అరగంట నడక సాగించడమే నాకు తెలిసిన పెద్దరికం.

అయితే ఆ పద్యంలో ఒక మాటను మాత్రం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలని నా అభిప్రాయం. ఒంట్లో సత్తువ ఉడిగినా పట్టుదలతో నిలబడమంటుంది అది. మా నాన్నగారు అలాంటి మనిషే. ఆయనకూ షుగరే. కాలి పుండును పంచె కింద రెండు నెలలు దాచుకున్నారు. "పిల్లలను కంగారుపెట్టడం ఎందుకు?" అన్నది ఆయన ఆలోచన. చివరకు రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. చూడవచ్చినవారు "ఎంత ఓర్పండీ మీది!" అని మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మెచ్చుకోలు గుచ్చుకుంది. షుగరు వల్ల నరాలు మొద్దుబారితే పుండు నొప్పే సరిగా తెలియదు. తెలియని నొప్పిని ఓర్చుకోవడంలో గొప్పేముంది?

కిప్లింగ్ సంగతే చూడండి. ఆయన ఏళ్ళ తరబడి కడుపునొప్పితో బాధపడ్డాడు. డాక్టర్లకు చూపించుకుంటూనే ఉన్నా, అది పేగుపూత అని 1933లో గాని తేలలేదు. 1936 జనవరిలో ఆ పుండుకు రంధ్రం పడి మరణించాడు. ఆయన ఓర్చుకున్నది కారణం తెలియక. ఈనాడు మనకు పరీక్షలున్నాయి, మందులున్నాయి, అడిగితే చెప్పే నర్సమ్మలున్నారు.

ఇంట్లో పెద్దలు ఏమీ చెప్పడం లేదంటే ఏమీ లేదని అనుకోవద్దు. రాత్రి పడుకోబోయే ముందు వారి అరికాళ్ళు, వేళ్ళ సందులు వెలుతురులో చూడండి. పొక్కుగాని, పుండుగాని, రంగు మార్పుగాని కనబడితే మరునాడే ఆసుపత్రికి తీసుకురండి. పెద్దలారా, మీకూ ఒక మనవి. "నాకు ఇక్కడ బాగోలేదు" అని చెప్పుకోవడం చిన్నతనం కాదు. అదే పెద్దరికం.