పన్ను కట్టేది మేమే, లెక్క అడిగేదీ మేమే

2023 నవంబరు శాసనసభ ఎన్నికల ప్రచారంలో నిజామాబాద్ జిల్లాలో ఒక బీడీ కార్మికుల వాడకు ఒక అభ్యర్థి వచ్చాడు. ఏ పార్టీ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఈ మాటలు ఏ జెండా కింద నిలబడ్డవాడైనా చెప్పేవే. తాను గెలిస్తే వ్యాపారుల మీద పన్నుల భారం తగ్గిస్తాననీ, అనుమతులు చిటికెలో వచ్చేలా చూస్తాననీ, పరిశ్రమలు తరలి వస్తాయనీ చెప్పాడు. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న ఒకామె తల ఎత్తి, "మరి మాకేంది సారూ?" అని అడిగింది. "నేను పన్ను కట్టేటోళ్ళ ముచ్చట చెప్తున్ననమ్మా. మీరేం పన్ను కడ్తరు? మీకు పింఛన్ ఉన్నది గద!" అని నవ్వి, అతను తర్వాతి వాడకు వెళ్ళిపోయాడు.

ఆ నవ్వుకు జవాబు చెప్పాలి.

స్త్రీలు పన్ను కట్టరన్నది పచ్చి అబద్ధం. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళే పన్ను కట్టేవాళ్ళన్న భ్రమ మీద ఆ అబద్ధం నిలబడి ఉంది. 2017 జూలై 1న జిఎస్టీ వచ్చింది మొదలు సబ్బుబిళ్ళ మీద 18 శాతం కట్టాం. ఆ సబ్బును కోటీశ్వరుడు కొన్నా, బీడీలు చుట్టే మనిషి కొన్నా పన్ను ఒక్కటే. అతని సంపాదనలో అది లెక్కకు రాదు. ఆమె కూలిలో అది రేపటి కూర. కుంకుమకూ గాజులకూ పన్ను మినహాయించిన ఆ చట్టమే నెలసరి గుడ్డలకు 12 శాతం పన్ను వేసింది. దేశమంతటా స్త్రీలు గొడవ చేస్తేనే 2018 జూలైలో అది పోయింది. స్త్రీకి ఏది అవసరమో ఎవరు నిర్ణయిస్తున్నారో ఈ ఒక్క ఉదాహరణే చెబుతుంది.

"అది ఢిల్లీ వ్యవహారం, ఎమ్మెల్యే చేతిలో ఏముంది?" అంటారు. జిఎస్టీ మండలిలో కేంద్రానికి ఉన్నది మూడో వంతు ఓటు. మిగిలిన రెండు వంతులూ రాష్ట్రాలవే. మన రాష్ట్ర మంత్రి అక్కడ ఏం మాట్లాడాడో శాసనసభలో అడిగే హక్కు ఎమ్మెల్యేకు ఉంది. అడగకపోతే అతని నిర్లక్ష్యం.

బీడీ సంగతే చూడండి. 2017లో బీడీ మీద 28 శాతం, తునికాకు మీద 18 శాతం జిఎస్టీ వేశారు. బీడీ కార్మికుల పిల్లల స్కాలర్‌షిప్పులకూ, వైద్యానికీ, ఇళ్ళకూ డబ్బు సమకూర్చిన సంక్షేమ సెస్సును మాత్రం అదే ఏడాది రద్దు చేశారు. కార్మికుల కోసం వసూలయ్యే పన్ను పోయి, కార్మికుల మీద పడే పన్ను వచ్చింది. పన్ను భారమని చెప్పి యజమానులు పని దినాలు కోసినప్పుడు ఆ భారం మోసింది చాట ముందు కూర్చున్న మనిషే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆకు మీద పన్ను 5 శాతానికీ, 2026 ఫిబ్రవరి 1 నుంచి బీడీ మీద 18 శాతానికీ తగ్గింది. మంచిదే. అయితే తగ్గిన దానిలో వెయ్యి బీడీల కూలికి ఎంత కలిసింది? వ్యాపారుల పన్ను తగ్గిస్తానన్న అభ్యర్థి ఈ ప్రశ్న ఎన్నడూ వేయడు.

జిఎస్టీ తర్వాత రాష్ట్రం తన ఇష్ట ప్రకారం వేసుకోగల పెద్ద పన్నులు కొన్నే మిగిలాయి: మద్యం, పెట్రోలు-డీజిలు, రిజిస్ట్రేషన్లు, వాహనాలు. ఒకవైపు పన్ను తగ్గిస్తామని మాట ఇచ్చిన ప్రభుత్వం ఇంకోవైపు ఎక్కడ పూడ్చుకుంటుందో వేరే చెప్పాలా? 2023 ఆగస్టులో, ఎన్నికలకు మూడు నెలల ముందు, పాత లైసెన్సుల గడువు తీరకముందే 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిచారు. దరఖాస్తు రుసుం 2 లక్షలు, తిరిగి ఇవ్వరు. ఆ రుసుం మీదనే 2,600 కోట్లకు పైగా వచ్చింది. ప్రభుత్వం మారింది. 2025లో రుసుం 3 లక్షలైంది, 2,800 కోట్లకు పైగా వచ్చింది. ఒక్క సీసా అమ్మకముందే వచ్చిన డబ్బు ఇది. ఆ దుకాణదారు దాన్ని ఎవరి ఇంటి నుంచి రాబట్టుకుంటాడు? తాగేది మగవాడు కావచ్చు. దానికి పన్ను కట్టేది ఇంట్లో ఆడది, పొయ్యి మీదికి బియ్యం లేక, ఒంటి మీద దెబ్బలతో.

ఇది మనకు కొత్త పాఠం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992 నాటికి ఊరూరా పాకిన సారా వ్యతిరేక పోరాటం నిజానికి ప్రభుత్వ ఆదాయ విధానం మీద స్త్రీలు ఇచ్చిన తీర్పు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ఎన్.టి.రామారావు మద్య నిషేధం మీద సంతకం చేశాడు. 1997లో ఖజానాకు నష్టమన్న సాకుతో దాన్ని ఎత్తేశారు. ఉద్యమం గెలిచిన దాన్ని బడ్జెట్టు తిరిగి లాక్కుంది. బడ్జెట్టును మగవాళ్ళ లెక్కగా వదిలేస్తే ఏమవుతుందో అప్పుడే చూశాం.

ఇక వ్యాపార విధానం. 2014 నాటి పారిశ్రామిక విధానం ప్రకారం కొత్త పరిశ్రమ కట్టిన రాష్ట్ర పన్నులో సగం నుంచి మొత్తం దాకా కొన్నేళ్ళపాటు దానికే తిరిగి ఇచ్చారు. ఆ పన్ను యజమాని జేబులోంచి వచ్చిందా? సరుకు కొన్న మనమే కట్టాం. మనం కట్టింది ప్రభుత్వం చేతి మీదుగా కంపెనీకి చేరితే దాని పేరు 'ప్రోత్సాహకం'. 2023 డిసెంబరు నుంచి స్త్రీలు బస్సులో టికెట్టు లేకుండా ఎక్కితే దాని పేరు 'ఉచితం'! భారీ పరిశ్రమ అనుమతికి 15 రోజుల గడువు పెట్టి, దాటితే ఇచ్చినట్టేనని 2014లో చట్టం చేశారు. రావలసిన పిఎఫ్ కోసం తిరిగే కార్మికురాలికి ఆ గడువు ఎందుకు లేదు?

2025 జూలై 5న రాష్ట్ర ప్రభుత్వం దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతి ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటకూడదన్నారు కదా అంటారు. పొద్దున వంట, పోను రాను బస్సు, రాత్రి అంట్లు - ఇవి కలిపితే ఆ స్త్రీకి రోజులో మిగిలేది ఎంత? వ్యాపారం సులువు కావాలంటే స్త్రీ బతుకు కష్టం కావాలా?

మేం పరిశ్రమలు వద్దనడం లేదు. పదిమంది స్త్రీలు కలిసి పెట్టుకున్న చిన్న యూనిట్‌కు రాయితీ అందాలని కోరేదీ మేమే. ఉద్యోగాలు మా పిల్లలకూ కావాలి. అయితే ప్రజల డబ్బు తీసుకున్న సంస్థ కనీస వేతనం, శిశు సంరక్షణ కేంద్రం, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉన్నాయని చూపించాలి. చూపకపోతే ఇచ్చింది వెనక్కి తీసుకోవాలి. ఇది దయ కాదు, బేరం. డబ్బు మనది కనుక షరతూ మనదే కావాలి.

2023లో 119 మంది సభలో గెలిచిన స్త్రీలు 10 మంది. సభలో మన గొంతు లేనప్పుడు వాడలో అయినా ఉండాలి. ఇకపై ఓటు అడగవచ్చిన ప్రతి అభ్యర్థినీ సంఘాలు నాలుగు మాటలు అడగాలి. ఏ పన్ను తగ్గిస్తావు, ఎవరికి? ఆ లోటు మద్యంతో పూడ్చవని రాసిస్తావా? రాయితీలు ఎవరికి ఎంత ఇచ్చారో ఏటా సభలో లెక్క పెట్టిస్తావా? కూలి రేట్ల సవరణకు గడువు పెడతావా?

జవాబు కాగితం మీద తీసుకుందాం. గెలిచాక ఆ కాగితం పట్టుకుని అతని ఇంటికే వెళదాం. "మీరేం పన్ను కడ్తరు?" అని మళ్ళీ నవ్వితే, చాట పక్కన పెట్టి లేచి నిలబడదాం.